పాత వెంబ్లీ జంట టవర్ల ముక్క ఎక్కడైనా మిగిలి ఉందా?

లండన్‌లో ఉండేవాళ్లు, ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. పాత వెంబ్లీ స్టేడియం ముందు నిలబడి ఉండే రెండు తెల్లటి టవర్లలో ఏదైనా భాగం ఇప్పటికీ ఉందేమోనని నెల రోజులుగా వెతుకుతున్నాను.

1923 ఏప్రిల్ 28న అక్కడ జరిగిన మొదటి ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్‌ల ఫుట్‌బాల్ పోటీ) ఫైనల్‌కి అధికారిక లెక్క ప్రకారమే 1,26,047 మంది వచ్చారు. నిజానికి లోపలికి తోసుకొచ్చినవాళ్లు ఇంకా చాలా ఎక్కువ. మైదానం నిండా జనమే. బిల్లీ అనే తెల్ల గుర్రం మీద వచ్చిన పోలీసు ఒకాయన ఆ జనాన్ని గీత అవతలికి జరిపాకే ఆట మొదలైంది. అలాంటి చోటు గుర్తు ఒక్కటైనా కళ్లారా చూడాలని నా కోరిక. 2000 అక్టోబర్ 7న జర్మనీ చేతిలో ఇంగ్లండ్ 0-1తో ఓడిన మ్యాచే అక్కడ చివరి ఆట. టవర్లను 2003లో కూల్చేశారు.

ఇప్పటివరకు చేసింది: కొత్త స్టేడియం చుట్టూ రెండుసార్లు తిరిగాను. అక్కడ 1966 ప్రపంచ కప్ ఫైనల్ నాటి గోల్ క్రాస్‌బార్ (గోల్ పైన ఉండే అడ్డకడ్డీ) ఉంది గానీ, నాకు కావలసింది టవర్. పాత స్టేడియం శిథిలాలతో పశ్చిమ లండన్‌లోని నార్తోల్ట్‌లో నార్తాలా ఫీల్డ్స్ అనే పార్కులో గుట్టలు కట్టారని తెలిసి పోయిన శనివారం అక్కడికీ వెళ్లాను. నాలుగు గుట్టలూ చూశాను. అంతా గడ్డే, గుర్తుపట్టగలిగే ముక్క ఒక్కటీ కనిపించలేదు.

టవర్ పైభాగాన్ని దగ్గర్లోని ఏదో పార్కులో జ్ఞాపకంగా పెట్టారని ఒకరు అన్నారు. టికెట్ లేకుండా వెళ్లి చూడగలిగేలా అది ఉందా? ఉంటే సరిగ్గా ఏ వీధి దగ్గర?