ఫోర్‌హ్యాండ్‌లో ముందు నేర్పవలసింది డ్రైవా, టాప్‌స్పిన్నా?

రాయగడ తండ్రి:
మా అమ్మాయికి పదేళ్లు. ఏడాదిగా టేబుల్ టెన్నిస్ నేర్చుకుంటోంది. శిక్షకులు ఇంతవరకు ఫోర్‌హ్యాండ్ డ్రైవ్, అంటే అరచేతి వైపునుంచి బంతిని తిన్నగా ముందుకు కొట్టడం ఒక్కటే నేర్పారు. ఐమూలగా నిలబడి 50 బంతులు తప్పకుండా ఆడగలదు కాని, మొన్న కోరాపుట్‌లో ఎదుటి పిల్ల కట్ చేసి, అంటే వెనక్కి తిరిగేలా అడుగున కోసి పంపిన ప్రతి బంతినీ వలకే కొట్టింది. టాప్‌స్పిన్‌ను, అంటే బ్యాటును బంతికి కిందినుంచి పైకి రాసి దాన్ని ముందుకు తిప్పడాన్ని మొదటినుంచే నేర్పించి ఉండవలసిందా?

పర్లాకిమిడి మాస్టారు:
మీ శిక్షకులది తప్పని నేననను. బంతి ఒంటికి ముందు, ఎగిరి పై అంచుకు చేరిన క్షణంలో బ్యాటుకు తగలడం, నడుము తిరగడం, బరువు కుడికాలి మీదినుంచి ఎడమకాలికి మారడం, కొట్టిన వెంటనే చేయి మళ్లీ మొదటి చోటికి రావడం, ఇవన్నీ డ్రైవ్‌లోనే కుదురుకుంటాయి. ఇవి కుదరకముందే టాప్‌స్పిన్ మొదలుపెట్టిన పిల్లలు నడుమును మరచి భుజంతో లాగుతారు. ఆ భుజం నొప్పితో ఆట మానేసిన వాళ్లను నేను చూశాను.

గుణుపురం ఆటగాడు:
మాస్టారూ, నడుము విషయంలో మీతో ఏకీభవిస్తాను, క్రమం విషయంలో ఏకీభవించలేను. బల్ల ఎత్తు 76 సెంటీమీటర్లు, దానిపైన వల 15.25 సెంటీమీటర్లు. పెద్దవారికైనా పదేళ్ల పిల్లకైనా ఈ కొలతలు మారవు. పొట్టి పిల్ల వల ఎత్తుకు దిగువన అందుకున్న బంతిని తిన్నగా, బలంగా కొడితే అది వలకైనా తగలాలి, అవతలి అంచు దాటైనా పోవాలి. ముందుకు దొర్లుతున్నట్టు తిరిగే బంతి మాత్రం వల దాటాక గాలిలోనే కిందికి వంగి బల్ల మీద పడుతుంది. 2006లోను, 2022లోను కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన మన దేశపు టేబుల్ టెన్నిస్ ఆటగాడు శరత్ కమల్ ఆరడుగుల పైచిలుకు మనిషి. అంతటి ఎత్తున్నవారే టాప్‌స్పిన్‌ను నమ్ముకున్నప్పుడు చిన్నపిల్లలకు దాని అవసరం ఇంకా ఎక్కువ కదా! పైగా, ఏడాది పాటు బంతిని బ్యాటుతో గుద్దడానికే అలవాటుపడిన చేతికి రాపిడి నేర్పడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

జయపురం పాత క్రీడాకారుడు:
ఇద్దరూ చేతి గురించే వాదిస్తున్నారు. పాప కాళ్లు కదులుతున్నాయో లేదో ఎవరూ అడగలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
ఎత్తు గురించి గుణుపురం వారు చెప్పింది ఒప్పుకోక తప్పదు. అయితే సరిగా ఆడిన డ్రైవ్‌లోనూ కొంత టాప్‌స్పిన్ ఉంటుంది. బ్యాటును కొద్దిగా వాల్చి, కిందినుంచి ముందుకూ పైకీ నుదుటి వైపు తీసుకుపోతే అది తానే వస్తుంది. కాబట్టి ఈ రెండింటినీ వేర్వేరు విద్యలుగా నేను చూడను. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది, 2014లో ప్లాస్టిక్ బంతి వచ్చింది. రెండు మార్పులతోనూ స్పిన్ తగ్గింది. ఈనాడు ఉత్త రాపిడితో పాయింటు రాదు, కొట్టడమూ తెలియాలి. ఒక్క మాటలో నాదే పొరపాటు కావచ్చు: డ్రైవ్‌కు ఏడాది అక్కరలేదు. రెండు మూడు నెలల తరువాత కట్ బంతులు వరుసగా అందించి, చేతిని తొడ పక్కనుంచి పైకి లేపించాలి.

రాయగడ వారు పాప బ్యాటును కూడా ఒకసారి చూడండి. రబ్బరు పట్టు పోయి ఉంటే ఏ పద్ధతి నేర్పినా బంతి తిరగదు. మన వైపు వానాకాలంలో గోడలే చెమ్మగిల్లుతాయి, తడి పట్టిన రబ్బరు మీద బంతి జారిపోతుంది. ఆట మధ్యలో పొడిగుడ్డతో తుడవడం అలవాటు చేయండి.

రాయగడ తండ్రి:
నిన్న సాయంత్రం నేనే 40 బంతులు కట్ చేసి అందించాను. మొదటి పదింటిలో రెండే దాటాయి. మోకాళ్లు వంచి కిందినుంచి లేపమన్నాక చివరి పదింటిలో ఆరు దాటాయి. జయపురం వారు అడిగిన కాళ్లు మాత్రం బల్ల ముందు పాతినట్టే ఉన్నాయి. బ్యాటు రెండేళ్ల కిందట కొన్నది, బంతిని రబ్బరుకు రాసి చూస్తే నున్నగా జారిపోతోంది. ముందు రబ్బరు మార్పించి, కట్ బంతుల సంగతి శిక్షకులతో మాట్లాడతాను.