అప్‌డేట్: గర్భసంచి ఆపరేషన్ తర్వాత కారింది మూత్రమే

వదినకు గర్భసంచి తీసినంక రెండో వారంలో యోని నుంచి ఆగకుండా నీళ్లు కారుతున్నయని, అది తెల్లబట్టా, మూత్రమా అని అడిగిన కదా. నల్గొండలో పరీక్ష చేయించినం. మూత్రమే.

పరీక్ష ఇట్లుంటది. యోనిలో మూడు గాజుగుడ్డ ఉండలు ఒకదాని కింద ఒకటి పెట్టి, కాథెటర్‌తో (మూత్రం పైపుతో) మూత్రాశయంలోకి మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపిన సెలైన్ ఎక్కిస్తరు. కాసేపు నడిపించి తీసి చూస్తరు. పై ఉండ నీలమైతే మూత్రాశయానికే రంధ్రం. నీలం కాకుండా ఉత్తగ తడిస్తే కిడ్నీ నుంచి మూత్రాశయంలోకి దిగే గొట్టం, యూరెటర్ మీద అనుమానం, ఎందుకంటే రంగు మామూలుగా అంత పైకి ఎక్కదు. వదినకు నీలమే వచ్చింది. అయినా సీటీ యూరోగ్రామ్ (కిడ్నీలు, యూరెటర్లు చూపే స్కాన్) తీసిన్రు, రెండూ కలిసి ఉండొచ్చని. కిడ్నీల పని చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ బాగుందని యూరెటర్ సంగతి వదిలేయొద్దు, రెండో కిడ్నీ పని నెట్టుకొస్తుంటది.

రంధ్రం చిన్నదే. కొన్ని వారాలు కాథెటర్ ఉంచి చూస్తరు. మూత్రాశయం ఖాళీగ ఉంటే దానంతటదే పూడొచ్చు. లేకుంటే వాపు తగ్గినంక కుట్లు.

కాథెటర్‌కు తగిలించిన మూత్రం సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలె, నేలకు తగలొద్దు. పైపు మడత పడితే మూత్రాశయం నిండి రంధ్రం సాగుతది. కారుతుందని నీళ్లు తాగుడు తగ్గిస్తరు చానామంది, అది తప్పు: మూత్రం చిక్కబడి చర్మం ఇంకా మండుతది. జింక్ ఆక్సైడ్ క్రీము రాయాలె. చలిజ్వరం, పక్కల నొప్పి వచ్చినా, సంచిలోకి మూత్రం దిగకున్నా అదే రోజు దవాఖానకు పోవాలె.