అప్‌డేట్: వేళ దాటాక సూర్యుడికి అర్ఘ్యం

నైట్ షిఫ్ట్ ముగించి ఇల్లు చేరేసరికి సూర్యోదయం దాటిపోతోంది, అర్ఘ్యం ఇవ్వొచ్చా అని అడిగాను కదా. వేళ దాటితే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఒకటి అదనంగా ఇవ్వడం సంధ్యావందనంలోనే ఉందని మీలో ఒకరు చెప్పారు. ఆ మాటతో సగం బెంగ తీరింది.

ఇప్పుడు స్నానం కాగానే బాల్కనీలో తూర్పుకు తిరిగి, రాగి చెంబుతో నీళ్లు వదులుతున్నాను. కిందింటివాళ్ల బట్టల మీద పడకుండా పూలకుండీలోకే లెండి. తర్వాత ‘ఓం మిత్రాయ నమః’ నుంచి ‘ఓం భాస్కరాయ నమః’ దాకా 12 నామాలు, నామానికో నమస్కారం. మోకాలు మొరాయిస్తే నిలబడే చెప్పేస్తాను. ఏడోది, హిరణ్యగర్భాయ దగ్గర నాలుక ఇంకా తడబడుతోంది.

ఆదివారం ఉప్పు మానేయమన్న సలహా మాత్రం నావల్ల కాలేదు.