'నో సింథసైజర్స్' అంటే నిషేధమా, సంజాయిషీయా?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ పాత ఆల్బమ్ అట్టల మీద కనిపించే ఈ మాటని (సింథసైజర్ అంటే ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే కీబోర్డు లాంటి వాయిద్యం) మొన్న ఇక్కడ ఒకరు "సింథసైజర్లు నిషిద్ధం" అని తెలుగు చేశారు, నాకైతే అస్సలు కుదరలేదండీ, గుడి బయట బోర్డులా ఉంది. 1973 మొదటి ఆల్బమ్ మీద ఉన్నది "ఎవరూ సింథసైజర్ వాయించలేదు" అని, అంతే. వాళ్ళ గిటారిస్ట్ బ్రయాన్ మే తన నాన్నతో కలిసి ఇంట్లో చేసుకున్న గిటార్‌నే ట్రాకు మీద ట్రాకు పేర్చి రికార్డ్ చేసేవాడు, అది విని ఇదేదో మెషీన్ సౌండ్ అనుకుంటారని ముందే చెప్పుకున్నారన్నమాట. సంజాయిషీ, దాంట్లోనే కాస్త గొప్ప కూడా.

— 1974 రెండో ఆల్బమ్ మీద ఇదే వాక్యం చివర్లో 'ఎగైన్' కూడా తగిలించారుగా, దాన్నేం చేస్తారు? "మళ్ళీ ఎవరూ వాయించలేదు" అంటే ఒకసారి వాయించి మానేశారన్న అర్థం వస్తోంది.

— కరెక్టే అన్నా, అక్కడ 'మళ్ళీ' పనికిరాదు. "ఈసారీ ఎవరూ వాయించలేదు" అనాలి, ఆ దీర్ఘంలోనే ఎటకారం కూడా వచ్చేస్తుంది.

— ఎన్ని చెప్పినా 1980లో 'ది గేమ్' ఆల్బమ్‌కి మాట తప్పారు కదండీ, ఒబర్‌హైమ్ కంపెనీ సింథ్ వాడారు.

— నిషిద్ధం అని చదివితేనే అది మాట తప్పడం. వాడలేదు కాబట్టి వాడలేదన్నారు, వాడాక ఆ అట్ట మీదే మా ఆల్బమ్‌లో సింథసైజర్ రావడం ఇదే మొదటిసారని పేరుతో సహా రాసుకున్నారు, ఇంకేం దాచారు? 1982 'హాట్ స్పేస్' మీద కోపమంటే అర్థముంది, డిస్కో ఫంక్ వైపు పోయి అందులో గిటార్‌ని బాగా పక్కకి నెట్టేశారు, నాకూ నచ్చదు. 1984 'ది వర్క్స్' కి మాత్రం సింథ్ బాగా ఒదిగింది, 'రేడియో గా గా' రాసిందేమో డ్రమ్మర్ రోజర్ టేలర్. అదే ఆల్బమ్‌లో 'ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ' మధ్యలో వచ్చే సోలో విన్నారా, అది గిటార్ అనుకునేవాళ్ళు ఎక్కువ, కానీ వాయించింది కీబోర్డిస్ట్ ఫ్రెడ్ మాండెల్, రోలాండ్ కంపెనీ సింథ్ మీద.

— ఓర్నీ! అయితే దాని అట్ట మీద "ఎవరూ గిటార్ వాయించలేదు" అని వెయ్యాల్సింది 😄