‘రుద్రదేవ మహారాజు’ తర్వాత ఏ క్రియ రావాలి?

సభ్యులకు నమస్కారం. రుద్రదేవ మహారాజు అన్న మగపేరుతో ఏలిన రుద్రమదేవి మీద పిల్లల నాటిక రాస్తున్న ఒక సోదరి, ‘రుద్రదేవ మహారాజు వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా అని నిన్న ఇక్కడ అడిగారు. ఏడో తరగతి నుంచి నా మనసులో ఉన్న ప్రశ్న ఇది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా. చిన్నప్పుడు ఒక శివరాత్రికి త్రిపురాంతకం వెళ్లినప్పుడు, మా తాతయ్య గుడిలో కాకతీయుల కాలపు శాసనాలు చూపించి, మగపేరుతో రాజ్యమేలిన ఆడపిల్ల కథ చెప్పారు. ఒక్క అక్షరమూ చదవలేకపోయినా, ఆమె పేరు ఎక్కడో ఉండే ఉంటుందని ఆ రాతి గాట్ల వెంట వేలు పోనిస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఆ ఏడు వ్యాసంలో ‘రుద్రదేవ మహారాజు కత్తి పట్టి యుద్ధానికి వెళ్లింది’ అని రాస్తే, మాస్టారు ‘వెళ్లింది’ని ఎర్రసిరాతో కొట్టివేసి పైన ‘వెళ్లాడు’ అని దిద్దారు. పేరు మారినంత మాత్రాన ఆమె ఆమె కాకుండా పోతుందా అని ఏడ్చాను.

ఆ దిద్దుబాటుకు వ్యాకరణంలో ఆధారం ఉంది. ‘మహారాజు’ మహత్తు, అంటే ‘వచ్చాడు’ వంటి క్రియ తీసుకునే మాట. వ్యాకరణకర్త చిన్నయసూరి చెప్పిన మహత్తుల్లో పురుషులే తప్ప స్త్రీలు లేరు; అందుకే ఏకవచనంలో సీతా ‘వచ్చింది’, ఆవూ ‘వచ్చింది’. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలిసి ‘వచ్చారు’ అవుతారు.

శాసనాల భాషలో ఈ చిక్కే పుట్టదు. కాకతీయ శాసనాల్లో పాలకుల పేరుకు గౌరవంగా ‘మహారాజులు’ అని చేర్చి, ‘పృథ్వీరాజ్యము సేయుచుండగాను’ అనడం పరిపాటి. ‘సేయుచుండగా’ అన్న రూపానికి లింగభేదమూ లేదు, వచనభేదమూ లేదు. గణపతిదేవుడు ఏలినా, 1262 నుంచి 1289 వరకు ఆయన కూతురు రుద్రమ ఏలినా ఆ మాటలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. ఆమె బిరుదు ‘రాయగజకేసరి’ కూడా అంతే. శత్రురాజులనే ఏనుగులకు సింహమన్నారు గాని, ఆడసింహమని వేరు చేయలేదు.

‘మహారాణి’ అంటే సరిపోదా అని కొందరు అడిగారు. నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ మాట వినగానే రాజుగారి భార్యే గుర్తుకొస్తుంది. మన మోటుపల్లి రేవు పేరుతోనే ఈ రాజ్యాన్ని వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఆమె పాలనను మెచ్చుకుంటూనే, ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. నిజానికి ఆమె తన తండ్రి సింహాసనానికి వారసురాలు.

కనుక సోదరీ, నాటికలో సామంతుల చేత ‘మహారాజులు వేంచేస్తున్నారు’ అనిపించండి. ఏకాంతంలో గణపతిదేవుడు పిలిచే చోట ‘రుద్రమా, వచ్చావా’ అని రాయండి. ‘వచ్చావు’ కూతురికీ, కొడుక్కీ ఒకటే.