వాన పడ్డ ప్రతిసారీ అరీనాలో ఇసుక కొట్టుకుపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
గుర్రపు స్వారీ చేసే మా రైడింగ్ అరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు, పైన కప్పు లేదు. గట్టి వాన పడితే ఒక మూల చెరువైపోతుంది, పల్లం వైపు కంచె కింద నుంచి ఇసుక బయటికి పోయి గడ్డిలో మేటలు వేస్తోంది. కిందటేడు రెండంగుళాల మందాన కొత్త ఇసుక పోయించాను, అప్పుడే కొన్నిచోట్ల కింది గట్టి పొర బయటపడింది. మొన్న మలుపులో గుర్రం జారింది. దెబ్బ తగల్లేదు గానీ అప్పటినుంచి ఆ మూలకి తీసుకెళ్తే బెదురుతోంది, నాకూ టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఇసుక పోయించాలా, చుట్టూ చెక్క పలకలు కొట్టిస్తే ఆగుతుందా?

జవాబు 1:
ఇసుక ఇప్పుడే కొనకండి. వాన పడుతున్నప్పుడే గొడుగు వేసుకుని వెళ్లి, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో నిలబడి చూడండి. ఒక్క సెంటీమీటరు వానకే మీ 800 చదరపు మీటర్ల మీద 8,000 లీటర్లు పడతాయి, దానికి పక్క మెరక నుంచి వచ్చేవి కూడా తోడైతే ఏ ఇసుకా నిలవదు. మెరక వైపు కాస్త ఎడంగా కాలువ తవ్వి నీళ్లని పక్కకి మళ్లించండి. అందులో చిల్లుల పైపు వేసేట్టయితే చుట్టూ కంకర పోసి, ఆ కంకరకి జియోటెక్స్‌టైల్ బట్ట (నీళ్లని వదిలి మట్టిని ఆపేది) చుట్టండి, లేకపోతే మట్టి చేరి పూడిపోతుంది.

జవాబు 2:
పలకలు మంచివే, కానీ సందు లేకుండా నేలకి బిగిస్తే తొట్టి కట్టినట్టే. మేం ఆ తప్పే చేశాం. నీళ్లు పోయే దారి లేక కింది పొర నానిపోయింది, గిట్టలు దిగబడి ఆ పొరలోని రాతి పొడి, పైన ఇసుక కలిసిపోయాయి, చివరికి మొత్తం తీసి మళ్లీ వేయాల్సి వచ్చింది. పలక కింద కొంచెం సందు వదిలి లోపలివైపు జియోటెక్స్‌టైల్ కొట్టండి, నీళ్లు పోతాయి, ఇసుక ఆగుతుంది.

ఇక ఆ మూల సంగతి. అక్కడ ఇసుక పక్కకి లాగి చూడండి, కింది పొరే కుంగి ఉంటుందని నా అనుమానం. గుంటలో ఇసుక నింపితే పైకి సమంగా కనిపిస్తుంది గానీ నీళ్లు అడుగున అలాగే నిలుస్తాయి, గుర్రం కాలికి అదింకా ప్రమాదం. క్రషర్ డస్ట్ (రాతి పొడి) పోసి, తడిపి, రోలర్ తిప్పాకే పైన ఇసుక వేయండి. వాలు కూడా కొలవండి. ఒక శాతం అంటే 20 మీటర్లకి 20 సెంటీమీటర్ల తేడా. రెండు శాతం దాటితే నీళ్లతోపాటు ఇసుకా నడుస్తుంది.

జవాబు 3:
పోయిందనుకున్న ఇసుకలో కొంత కంచె వారనే ఉంటుంది, గుర్రాలు రోజూ ఒకే బాటలో తిరిగితే పక్కలకి చిమ్ముకుపోతుంది కదా. దంతె లాగేటప్పుడు అంచుల నుంచి లోపలికి లాగండి. లద్దె ఏ రోజుది ఆ రోజే ఎత్తేయండి, అది పొడై ఇసుకలో కలిస్తే నీళ్లు దిగవు. ముఖ్యంగా, కింది పొర నాని ఉన్నప్పుడు సవారీ చేయకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ వానలో వెళ్లి చూశాను. పక్కనున్న షెడ్డు కప్పు మీద నీళ్లన్నీ నేరుగా ఆ మూలకే వస్తున్నాయి, ఇన్నాళ్లూ గమనించనే లేదు. ఇసుక ఆర్డర్ ఆపేశాను. ముందు కప్పుకి గట్టర్, తర్వాత కాలువ. గుర్రాన్ని ఆ మూల దాకా పగ్గం పట్టుకుని నడిపిస్తున్నాను, ఎక్కడం మాత్రం నేల ఆరాకే.