లైవ్ ఆల్బమ్‌లో పాట మారేప్పుడు చప్పట్లు తెగుతున్నాయి

కావలి నుంచి: డీప్ పర్పుల్ (ఇంగ్లీషు రాక్ బ్యాండు) ‘మేడ్ ఇన్ జపాన్’ సీడీని ఎంపీ3 చేసి కార్లో వేస్తే, పాట మారేప్పుడు చప్పట్లు టక్కున తెగి మళ్ళీ మొదలవుతున్నాయి. సీడీలో ఇట్లా లేదు. ఏందన్నా ఇది?

నెల్లూరు నుంచి: ఎంపీ3 గుణమే అంత తమ్ముడూ. అది పాటని ఫ్రేములనే సమాన ముక్కలుగా కోస్తది, ఒక్కో ఫ్రేము 1152 శాంపిళ్ళు (ధ్వని కొలతలు). పాట చివర్లో నిండకపోతే నిశ్శబ్దం పోసి నింపుద్ది. మొదట్లోనూ కాస్త చేరుద్ది. సినిమా పాటల్లో తెలీదు, జనం అరుపుల మధ్య దొరికిపోద్ది. ఫ్లాక్‌లో (ఇట్లా నిశ్శబ్దం చేర్చని, నాణ్యత తగ్గని ఫైలు రకం) రిప్ చెయ్యి, అంటే సీడీ నుంచి ఫైళ్ళుగా తియ్యి.

ఒంగోలు నుంచి: ఫ్లాక్ ఒక్కటే చాలదు. చాలా కారు స్టీరియోలు ఫైలు ఫైలుకీ ఆగి తెరుస్తాయి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో సీడీ మొత్తం ఒకే ఫైలుగా తియ్యి. పాట దాటేసే వీలు పోద్ది, అంతే. అన్నట్టు అది 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో మూడు రాత్రులు తీసిన టేపుల్లోంచి ఏరి కూర్చింది. రాత్రి మారితే హాలు మోతా మారుద్ది, అది రిప్ తప్పు కాదు.